గోడకెక్కిన బావ

మా అమ్మ మా బావను చంపిన రోజున సుత్తి అందించింది నేనే. అమ్మ ఒక్క దెబ్బ వేసింది. చిత్తూరులో మా ఇల్లు పునాదులతో సహా అదిరింది. ఎదురింటి కుక్క వారం దాకా అన్నం ముట్టలేదు. మా వీధి మొత్తం భూకంపమనుకుని చంటిపిల్లల్నీ గ్యాసు సిలిండర్లనూ చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చింది. దెబ్బకు దిగిన ఆ మేకుకు, చనిపోయిన మా నాయన ఫోటో పక్కనే, మా చెల్లెలి మొగుడి ఫోటో వేలాడింది. దానికొక గంధపుచెక్క దండ, కింద మట్టి ప్రమిదలో దీపం.

ఆ వేళకు మా బావ శ్రీకాళహస్తిలో నిక్షేపంగా బతికి ఉన్నాడు. బహుశా ఇడ్లీ తింటూ ఉండుంటాడు.

పాప పాకే వయసులో చెల్లెలూ అతనూ విడిపోయారు. పాప పెంపకానికి నెలనెలా ఇంత ఇవ్వమని కోర్టు చెప్పింది. అతను ఇవ్వలేదు. రాలేదు, ఫోను చేయలేదు, పుట్టినరోజుకు ఒక చాక్లెట్టు కాగితమైనా పంపలేదు. చెల్లెలు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో చేరింది. సీజనులో ఆమె ఇంట్లోకి అడుగుపెడితే మా దిండ్లు కూడా తోతాపురి వాసన వేసేవి. పాపకు బడికి పోయే వయసు వచ్చింది. ఒకరోజు ఇంటికొచ్చి, "అవ్వా, మా నాయన యాడ?" అని అడిగింది.

"బిడ్డకు ముద్ద పెట్టనోడు బతికుంటే ఏమి, సస్తే ఏమి" అనే మాట మా జిల్లాలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అనేసి టీ తాగుతారు. మా అమ్మ అలా కాదు, అన్నది చేసి చూపించే మనిషి. "సచ్చిపోయినాడమ్మా" అని పాపతో చెప్పింది. చెప్పాక, చచ్చినవాడికి జరగాల్సినవన్నీ జరగాలి కదా అని రిసెప్షన్ ఆల్బం తీసింది. లేత నీలం చొక్కాలో బావ, పక్కన చెల్లెలు. స్టూడియోవాడు చెల్లెల్ని కత్తిరించేశాడుగానీ బావ భుజం మీదున్న ఆమె వేళ్ళు తీయడం అతని తరం కాలేదు. అందుకని ఆ ఫ్రేములో ఒక మనిషి, ఆయన భుజం మీద ఎవరివో తెలియని వేళ్ళు. ఆ హాల్లో ఒంటరిగా కూర్చోవాలంటే నాకు, తొంభై కిలోల మగాడికి, ఒళ్ళు జలదరించేది.

చెల్లెలు ఆ గోడ వైపు చూసేది కాదు, అంతే. కాలి మెట్టెలు మాత్రం తీయలేదు.

దీపం పెట్టే పని పాప తీసుకుంది. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, స్టూలెక్కి వత్తి వెలిగించి, ఆ రోజు సంగతులు గోడకు చెప్పేది. "నాయనా, ఈ పొద్దు లెక్కల్లో నేనే ఫస్టు." గోడ వినేది. బతికున్న నాయనలు ఇంత శ్రద్ధగా వినడం నేనెక్కడా చూడలేదు.

పెద్దల అమావాస్య వచ్చింది. దసరా ముందు వచ్చే ఆ అమావాస్యకు మా వైపు చనిపోయినవాళ్ళ ఫోటోల ముందు విస్తర్లు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కాసేపు తలుపు మూసి బయటికి వచ్చేస్తాం. మనం చూస్తుంటే పెద్దలు తినరు. ఆ తర్వాత విస్తరి మిద్దె మీద పెట్టి కాకుల్ని పిలుస్తాం. కాకి ముడితే పెద్దలు తిన్నట్టు. చంపినందుకు మా అమ్మ బావకు ఏ లోటూ చేయలేదు. అలసందవడలు, నాటుకోడి పులుసు, సేమ్యా పాయసం. బతికుండగా అత్తగారింట్లో అతనికి అంత మర్యాద ఏనాడూ జరగలేదు.

మిద్దె మీద మా నాయన విస్తరి మీదికి కాకులు దండులా దిగాయి. చిత్తూరు కాకులే కాదు, పలమనేరు, పుంగనూరు నుంచి కూడా వచ్చాయని నా అనుమానం. బావ విస్తరి పక్కనే ఉంది. ఒక్క కాకి దాని వైపు తల తిప్పలేదు. ఒకటి మాత్రం పిట్టగోడ మీద నడుచుకుంటూ వచ్చి, వడను చూసి, మా అమ్మను చూసి, వెనక్కి నడుచుకుంటూ పోయింది.

"కా... కా... రారా నాయనా, తినిపోరా" అని అమ్మ ఎండలో నిలబడి పిలిచింది. చివరికి చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ "దీనెమ్మా, సచ్చి గూడా మొండికేస్తా ఉండాడే" అంది.

ఇది జరిగిన కొద్ది నెలలకు చచ్చినవాడు కోర్టులో పిటిషను వేశాడు. బిడ్డను చూడాలట.

మా లాయరమ్మ దగ్గరికి అందరం పోయాం. "పైసా కట్టనోడికి బిడ్డను ఎట్ల సూపిస్తారమ్మా?" అని నేను గట్టిగానే అడిగాను.

"డబ్బు కేసు డబ్బుదే, బిడ్డ కేసు బిడ్డదే సార్. కట్టలేదని సూపించకుండా ఉండేదానికి లేదు. నాయనను సూసేది బిడ్డ హక్కు."

"సచ్చినోడిని ఏం సూస్తాదమ్మా?" అంది మా అమ్మ తాపీగా.

లాయరమ్మ విషయమంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మాట జడ్జీ చెవిన పడిందా, బిడ్డ మనసు విరిచేసినారని చెప్పి బిడ్డను ఆయనకే ఇచ్చేసినా ఇచ్చేస్తారు. ముందు ఇంటికి పోయి ఆ ఫోటో దించండి."

ఇంటికి రాగానే చెల్లెలే స్టూలు లాగి ఎక్కింది. అమ్మ అడ్డం నిలబడింది.

"దండేసిన పటాన్ని దించకూడదు మే. దించితే ఆ మేకు ఊరికే ఉండదు. ఇంకొకరిని అడుగుతాది."

చెల్లెలు పాప వైపు చూసింది. స్టూలు దిగింది.

నెలకొక ఆదివారం బిడ్డను చూపించమని కోర్టు చెప్పింది. పాపను తీసుకుపోయే పని నాకు పడింది. అతనిది కాళహస్తి, మాది చిత్తూరు, కాబట్టి మధ్యలో తిరుపతి. బస్టాండు దగ్గరున్న ఒక లాడ్జి రిసెప్షన్ హాలుకు ఇద్దరు లాయర్లూ ఒప్పుకున్నారు. అసలు సంగతి దారిలో పాపకు చెప్పే పని కూడా నాదే. బస్సు చంద్రగిరి కోట దాటుతుండగా గుండె దిటవు చేసుకున్నాను.

"పాపా, మీ నాయన సచ్చిపోలేదు. బతికే ఉండాడు. ఇప్పుడు మనం ఆయన దగ్గరికే పోతా ఉండాం."

పాప నన్ను జాలిగా చూసింది. "పో మామా. నువ్వు అన్నీ ఇట్లే చెప్తావు. మొన్న గూడా మన పంపులో మొసలి వచ్చిందన్నావు."

మొసలి సంగతి అలా ఉంచండి. ఉడుతను ఉడుమని, ఉడుమును డైనోసారని చెప్పి బతికిన నోరు నాది. ఇన్నేళ్ళకు ఒక నిజం చెబితే అది చెల్లని నోటులా నా చేతిలోనే ఉండిపోయింది. ప్రమాణాలు చేశాను. కోట కనబడేలా చెయ్యెత్తి ఒట్టు పెట్టాను. పాప కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఆలోచించి, "సచ్చిపోయినోళ్ళు గూడా తిరుపతికి వస్తారా మామా?" అంది.

ఆ లాడ్జి హాల్లో ప్లాస్టిక్ కవరు తీయని సోఫాలు, పగలు కూడా వెలిగే ట్యూబులైటు, గోడవారగా ఒక చేపల తొట్టి. తొట్టిలో చేపలు లేవు. మోటారు మాత్రం నడుస్తూనే ఉంది, బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి. ఎవరి కోసమో తెలియదు. గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు నుదుట నామాలతో, తడి తువ్వాళ్ళతో వస్తూ పోతూ ఉన్నారు. ఆ గుండ్లలో ఒకటి మూల సోఫాలోంచి లేచి నిలబడింది.

మా బావ. గుండు, మీసం లేదు, మనిషి సగమయ్యాడు. తిరుపతిలో గుండు చూసి అది మొక్కుదో మైలదో చెప్పగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు. నాకు మాత్రం తన కర్మ తనే చేసుకుని వచ్చినట్టు కనబడ్డాడు.

"పాపా" అన్నాడు. పాప పలకలేదు. "పాపా" అన్నాడు మళ్ళీ. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి పిలిచాక "ఆ" అంది. గాలీధూళీ మూడోసారి పిలవవు కాబట్టి మూడో పిలుపుకే పలకాలని మా అమ్మ నేర్పింది. అతను పాపకు కోపం అనుకున్నట్టున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పాప నా చెవిలో, "బూట్లు ఇప్పమను మామా. కాళ్ళు సూడాల" అంది. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. నేను చెప్పాను. ఎందుకని కూడా అడక్కుండా అతను వంగి బూట్లు విప్పాడు. లోపల మేజోళ్ళు అడ్డదిడ్డంగా తొడిగాడో, నడకలో తిరిగిపోయాయో, రెండింటి మడమలూ పైకొచ్చి ఉబ్బెత్తుగా నిలబడి ఉన్నాయి. మడమ ముందుకీ వేళ్ళు వెనక్కీ. పాప నా వైపు చూసింది, చెప్పానా అన్నట్టు.

అతను ఏమీ తేలేదు. వచ్చేటప్పుడు ఆపిలుపండైనా తెస్తాడేమో అనుకున్నాను. పైగా పోయేటప్పుడు, "గుర్తుగా ఆ రిబ్బను నాకిస్తావా పాపా?" అన్నాడు. పాప జడ వెనక్కి దాచుకుంది.

తిరుగు బస్సులో కారణం చెప్పింది. "సచ్చినోళ్ళు కలలోకొచ్చి ఇస్తే మంచిదంట. అడిగితే మాత్రం ఇయ్యకూడదంట. అవ్వ చెప్పింది."

అప్పటి నుంచి నేను కూడా గమనించడం మొదలుపెట్టాను. ప్రతి నెలా అతను అడిగేవాడే. రిబ్బను, గీసిన బొమ్మ, చేతిరుమాలు. ఇచ్చింది ఒక్కటీ లేదు. మా లాయరమ్మ కోర్టులో ఎప్పటినుంచో మొత్తుకుంటున్న మాట కూడా ఇదే, కాకపోతే ఆమెది వేరే భాష.

ఒక ఆదివారం పాప చేతులు కట్టుకుని, బళ్ళో ఇన్‌స్పెక్టరులా అడిగేసింది. "నాయనా, నువ్వు ఎట్ల సచ్చిపోయినావు?"

అతను నా వైపు చూశాడు. నేను ఎంతో ఆసక్తిగా లేని చేపల వైపు చూశాను. ఇక అయిపోయింది, రేపు పొద్దునే జడ్జీ ముందు ఈ మాట పెడతాడు, మా బిడ్డ చేజారిపోతుంది అనుకుంటూ ఉన్నాను. చానా సేపటికి అతని గొంతు, బావిలోంచి చేదినట్టు, మెల్లగా వచ్చింది.

"కొంచెం కొంచెంగా పోయినాను పాపా."

"ఓ" అంది పాప.

"నా ఫోటో యాడ పెట్టినారు?"

"తాత పక్కన. నీలం సొక్కా ఏసుకోనుండావు. నీ భుజం మీద ఎవురివో వేళ్ళు ఉండాయి."

అతని చెయ్యి దానంతటదే తన భుజం మీదికి పోయింది.

"దీపం పెడతారా?"

"నేనే పెడతా. దినామూ."

పాపను మంచినీళ్ళ వైపు పంపి నేను గొంతు తగ్గించాను. "బావా, ఈ మాట కోర్టులో..."

అతను నా మాట వినలేదు. "దినామూ పెడతాదా అప్పా? నిజంగా?" అన్నాడు.

తర్వాతి నెల లేత నీలం చొక్కా వేసుకొచ్చాడు. అదే చొక్కా. గుండీల దగ్గర రంగు వెలిసింది. పెరుగుతున్న జుట్టును ఫోటోలో లాగే పక్కకు దువ్వాడు. నెలనెలా అతను ఆ ఫ్రేములోకి ఒక్కో అంగుళం జరుగుతున్నట్టు ఉండేది. మాట్లాడేటప్పుడు కూడా కళ్ళు మా తలల మీదుగా దూరంగా, కెమెరా వైపు చూసినట్టు. "అమావాస్యకు నాకు ఏం పెట్టినారు?" అని పాపను అడిగేవాడు. పాప వడలు, పులుసు, పాయసం అని చెబుతుంటే గుటకలు మింగుతూ వినేవాడు.

"కాకి ముట్టిందా?"

"లేదు. అవ్వ చానాసేపు పిలిచింది. నువ్వు ఎందుకు రాలేదు?"

"నాకు తెలీలేదు పాపా" అన్నాడు. నవ్వుతూ అన్నాడా అని నేను అతని మొహం వెతికాను. నవ్వు లేదు.

చూస్తుండగానే మళ్ళీ పెద్దల అమావాస్య దగ్గర పడింది. అతను ఇంకో పిటిషను వేశాడు. దసరా సెలవులకు బిడ్డను కాళహస్తి తీసుకుపోతానని. సోమవారం జడ్జీ పాపను ఒంటరిగా పిలిచి అడుగుతారని లాయరమ్మ చెప్పింది.

ఆ మాట విన్న పూటే పాపకు జ్వరం వచ్చింది. పక్కన కూర్చుంటే నా చొక్కా పట్టుకుని, "మామా, నాయన నన్ను పిలస్తా ఉండాడు. సచ్చినోళ్ళు పిలిస్తే పోకూడదు కదా. పోతే తిరిగి రాలేము కదా" అంది. కాళహస్తికి బస్సులో పోయి రావచ్చు పాపా అనబోయాను. నా నోట్లోంచి వచ్చే నిజానికి ఉన్న విలువ గుర్తొచ్చింది.

వాకిలి దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. "అన్నా, జడ్జీ దగ్గర కూడా ఇదే చెప్తే బిడ్డ నాకు దక్కదు" అంది. హాల్లోకి పోయి ఫోటో మీద చెయ్యి వేసింది. లోపల్నుంచి పాప అరిచింది. "దించొద్దమ్మా! దించేస్తే ఆయన యాడ ఉంటాడు?"

ఆ ఏడు అమావాస్యా మా లాడ్జి ఆదివారమూ ఒకేరోజు వచ్చాయి. పొద్దునే అమ్మ విస్తర్లు వేసింది. మిద్దె మీద మళ్ళీ అదే కథ. బావ విస్తరి చుట్టూ గీత గీసినట్టు కాకులు దూరంగా తిన్నాయి. జ్వరం తగ్గిన పాప పిట్టగోడ పక్కన నిలబడి అంతా చూసింది. బస్సెక్కేటప్పుడు పాప సంచి బరువుగా ఉంది. నేనడగలేదు.

లాడ్జి హాల్లో నీలం చొక్కా ముందే వచ్చి కూర్చుని ఉంది. ఆ రోజు పాప ఏ పిలుపూ పిలవనివ్వలేదు. తనే పోయి టీపాయి మీద అరటాకు ముక్క పరిచింది. టిఫిను డబ్బా తెరిచి వడలు, పులుసన్నం, పాయసం వడ్డించింది. సీసాలోంచి అరచేతిలోకి నీళ్ళు పోసుకుని ఆకు చుట్టూ తిప్పింది. మా అమ్మ చేసినట్టే, అంతే గంభీరంగా.

"నాయనా, ఇది నీది. కాకి ముట్టలేదని నేనే తెచ్చినాను" అంది. "తినేసి పో. నన్ను ఊరికే ఊరికే పిలవద్దు. నాకు భయమవతాది. ఏడాదికొకతూరి రా. పెడతాము."

పాప నా వైపు తిరిగింది.

"మామా, నువ్వు గూడా తిరుక్కో. సూస్తే తినరు."

ఇద్దరం వీపు తిప్పి చేపల తొట్టి వైపు నిలబడ్డాం. జీవితంలో ప్రతిదానికీ పది రెట్లు ఉప్పూకారం వేసి చెప్పినవాణ్ణి. ఈ ఒక్కదానికి చిటికెడు కూడా వేయడం లేదు. తొట్టి అద్దంలో నా వెనకున్న హాలంతా కనబడుతోంది. ట్యూబులైటు కనబడింది. టీపాయి కనబడింది. ఆకు మీద వడలు కనబడ్డాయి. సోఫా కనబడింది. సోఫాలో మనిషి ఉండాల్సిన చోట బుడగలు పైకి పోతూ ఉన్నాయి. అద్దం వంకర కావచ్చు, బుడగలు అడ్డమొచ్చి ఉండవచ్చు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేదు. కాసేపటికి నమిలే చప్పుడు వినబడింది. నిదానంగా, చానా ఆకలి మీదున్న మనిషి సిగ్గుపడుతూ తిన్నట్టు. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పాప నా చూపుడువేలు పట్టుకుని నిలబడి ఉంది.

చప్పుడు ఆగింది. తలుపు తీసినప్పుడు వచ్చే వీధి రొద ఒకసారి లోపలికొచ్చి ఆగిపోయింది.

తిరిగి చూస్తే సోఫా ఖాళీ. ఆకు మీద మెతుకు లేదు. పెళ్ళిళ్ళలో భోంచేసినవాళ్ళు విస్తరిని తమ వైపుకు మడుస్తారు. చావు భోజనాల్లో అవతలి వైపుకు. ఆ ఆకు అవతలి వైపుకు మడిచి ఉంది.

"తినేసినాడు" అంది పాప. ఎన్నో నెలల తర్వాత ఆ పిల్ల భుజాలు కిందికి దిగడం చూశాను.

సోమవారం కోర్టులో మేము కూర్చునే ఉన్నాం. వాళ్ళ లాయరు లేచి, మా పార్టీ పిటిషను వెనక్కి తీసుకుంటున్నారన్నాడు. జడ్జీ పాపను లోపలికి పిలవనే లేదు. చెల్లెలు కోర్టు మెట్ల మీదే కూలబడి, పాపను ఒళ్ళో పెట్టుకుని, జనం చూస్తారని కూడా లేకుండా ఏడ్చింది.

ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి ఆ తర్వాత కూడా నెలనెలా తిరుపతి పోయాం. మూల సోఫా ఖాళీగానే ఉండేది. "ఈ నెల రాడు మామా, ఏడాదికొకతూరే కదా" అని పాప హోంవర్కు తీసేది. కొన్నాళ్ళకు లాయరమ్మ ఇక చాలని చెప్పింది. డబ్బు కేసులో నోటీసులు కాళహస్తి పోయి, మనిషి లేడని తిరిగొచ్చాయి. ఊరు మారాడన్నారు కొందరు. తడ దాటి తమిళనాడు పోయాడన్నారు. ఎవరూ చూసినవాళ్ళు లేరు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే రెండు విస్తర్లు మిద్దె మీద పెట్టి, పిలవడానికి నోరు తెరిచింది. పిలుపు ఇంకా బయటికి రాలేదు. ఒకే ఒక్క కాకి ఎక్కణ్ణుంచో వచ్చి, మా నాయన విస్తరిని దాటుకుని, బావ విస్తరి మీద వాలింది. వడ నోట కరిచింది. ఎగిరిపోకుండా అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టింది.

అమ్మ చేతిలోని చెంబు జారి మిద్దె మీద దొర్లింది. కాకి బెదరలేదు.

చెల్లెలు నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఎన్నో ఏళ్ళుగా చేయని నంబరు చూడకుండానే నొక్కింది. స్పీకరులో రింగు వినబడుతూ ఉంది. మోగుతోంది. ఎత్తడం లేదు. మోగుతూనే ఉంది. చెల్లెలు కుడి కాలి వేళ్ళతో ఎడమ కాలి మెట్టెను నొక్కి పట్టుకుని నిలబడింది.

పాప ఆమె కొంగు మెల్లగా లాగింది.

"పెట్టేయమ్మా. తినేటప్పుడు పిలవకూడదు."